పదిహేనో కుర్చీ

ఆఫీసులో ఆమెను చీమ అంటారు. పంచదార డబ్బా ఏ మూల దాచినా చీమకు దారి తెలిసినట్టు, ప్రోగ్రామర్లు ఎంత గట్టిగా మూత బిగించినా తప్పు ఎక్కడుందో ఆమెకు తెలిసిపోతుంది. ఆ పేరు పెట్టినవాడు పక్క బల్ల ప్రోగ్రామరు. అతనికి గుండెల దాకా గడ్డం ఉంది. అందుకని ఆమె అతన్ని గడ్డం అంటుంది. చెల్లుకు చెల్లు.

ఆమెకు నలభై అయిదేళ్ళు. పొట్టి మనిషి. మెడలో దారంతో వేలాడే కళ్ళజోడు, చంకలో గళ్ళ నోటుపుస్తకం. ఆమె పని సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. ఎవరో రాసిన ప్రోగ్రాము జనం చేతికి వెళ్ళకముందే తను తీసుకుని, తిన్నగా వాడి, అడ్డంగా వాడి, వయసు రాయమన్న చోట పేరు రాసి, పేరు రాయమన్న చోట ఏమీ రాయకుండా వదిలేసి, అది ఎక్కడ కుంటుతుందో చూడటం. ఈ పనిని ఆమె అత్తగారు కోడిగుడ్డుకు ఈకలు పీకడం అంటుంది.

"ఆ ఈకలకే జీతమిస్తున్నారు అత్తయ్యా."

"ఇస్తే తీసుకో. ఇంట్లో మాత్రం పీకకు. మొన్న కొత్త గొళ్ళెం ముప్పైసార్లు వేసి తీశావు. వడ్రంగి ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. పాపం, చిన్నబుచ్చుకున్నాడు."

"ఇరవై తొమ్మిదోసారి ఇరుక్కుంది కదా?"

అత్తగారు విననట్టు టీవీ గొంతు పెంచింది. గొళ్ళెం నిజంగానే ఇరుక్కుంది.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. మొదట్లో ఆమె అదే కంపెనీలో కింది అంతస్తున ఫోన్ల దగ్గర కూర్చునేది. జనం ఫోను చేసి మీది పనిచెయ్యడం లేదని అరిచేవారు. ఆమె మూడే ప్రశ్నలు అడిగేది. ఏం నొక్కారు? నొక్కాక ఏం కనిపించింది? ఏం కనిపిస్తుందనుకున్నారు? మూడో ప్రశ్నకు వచ్చేసరికి అరిచేవాళ్ళ గొంతు దిగిపోయేది. వాళ్ళేం అనుకున్నారో అంతకు ముందు ఎవరూ అడగలేదు మరి. ఆ జవాబులు రాసిన కాగితాలు పై అంతస్తుకు వెళ్ళాయి. ఆరు నెలలకు కాగితాల వెనకే ఆమె కూడా వెళ్ళింది.

పైన ప్రోగ్రామర్లను ఏటా రెండుసార్లు శిక్షణకు పంపేవారు. వాళ్ళు కొత్త సంచులతో, కొత్త మాటలతో తిరిగి వచ్చేవారు. ఒకసారి ఆమె కూడా పంపమని అడిగింది. మేనేజరు నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"మీకు నేర్చుకోవడానికేముందమ్మా? చూడటమేగా!"

ఆమె కోప్పడలేదు. ఆ మాటను తేదీ వేసి నోటుపుస్తకంలో రాసుకుంది. ప్రోగ్రాములో తప్పు కనిపించినా ఆమె అలాగే రాసుకుంటుంది.

శనివారం గది ఆ పేజీలోంచే పుట్టింది. వాళ్ళ భవనంలో అయిదు కంపెనీలున్నాయి. ఒక్కోదానిలో ఆమెలాంటి టెస్టర్లు ఒకరో ఇద్దరో. తప్పులు చెప్పే మనిషి పక్కన కూర్చుని భోంచెయ్యాలని ఎవరికుంటుంది? అందరూ ఒంటరిగా తినేవారు. ఆమె లిఫ్టులో ఒకరిని, మెట్ల మీద ఒకరిని పట్టుకుంది. కూర్చోవడానికి చోటు కోసం చూస్తుంటే ఎదురు వీధిలో డ్రైవింగ్ స్కూలు మేడ మీద గది దొరికింది. స్కూలు మాస్టారు ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆయన తరగతులన్నీ సాయంత్రాలే. శనివారం పొద్దున గది ఖాళీ.

"దీపాలు ఆర్పండి. కుర్చీలు సర్దండి. అంతే," అన్నాడాయన.

గోడల నిండా రోడ్డు గుర్తుల పటాలు. మధ్యలో పొడవాటి బల్ల, దాని మీద రంగులతో గీసిన వీధులు, అరచేతిలో పట్టే బొమ్మ కార్లు. బల్ల చివర మూరెడు ఎత్తు ట్రాఫిక్ దీపం, దానికో స్విచ్చి. పద్నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. కిటికీ పక్కన చేతుల కుర్చీ ఒకటి, అది మాస్టారిది. అందులో ఎవరూ కూర్చోరు.

ఆ గదిలో వాళ్ళు ఒకరికొకరు నేర్పుకున్నారు. ఒకరు బొమ్మ కార్లను ఒక పద్ధతిలో నడిపి గుద్దిస్తారు. ఆ గుద్దుడు ఎలా జరిగిందో కాగితం మీద రాస్తారు. చూడనివాళ్ళు లోపలికి వచ్చి, ఆ కాగితం చదివి, అదే చోట అదే గుద్దుడు మళ్ళీ చెయ్యగలగాలి. చెయ్యలేకపోతే తప్పు కాగితానిది. ఈ ఆటతో ఇద్దరికి మంచి ఉద్యోగాలొచ్చాయి. ఒకామెకు పెద్ద జీతం కాకపోయినా, ప్రోగ్రామర్లతో మాట్లాడేటప్పుడు చేతులు వణకడం ఆగిపోయింది.

చివరి అరగంట దీపానిది. ఎవరైనా స్విచ్చి నొక్కి ఎరుపు వెలిగించి, తాము వదిలేసిన తప్పు ఒకటి చెప్పాలి. తమ కళ్ళముందు నుంచే జనంలోకి వెళ్ళిపోయిన తప్పు. ఎరుపు ఉన్నంతసేపు ఎవరూ నోరెత్తకూడదు. చెప్పడం అయ్యాక పచ్చ. అప్పుడు కూడా "ఎలా వదిలేశావు" అనకూడదు. ఒకే ప్రశ్న అడగొచ్చు. తరవాత ఏం చేశావు?

ఈ నియమం పెట్టింది చీమే. అయితే మూడేళ్ళుగా ఆమె చెప్పినవన్నీ చిన్నాచితకవి. బటన్ రంగు, కామా, పక్కకు జరిగిన గీత. పెద్దది ఒకటుంది. దాన్ని ఆమె ఎర్రదీపం ముందుకు తేలేదు.

మొదట్లో పదకొండు మంది వచ్చేవారు. ఒక కంపెనీ వేరే చోటికి మారింది. ఒకామెకు కవలలు పుట్టారు. మిగిలింది ఆరుగురు. ఒక శనివారం మాస్టారు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఏమనుకోకు చెల్లెమ్మా. గిటారు నేర్పే అతను గది అడుగుతున్నాడు. అతని వెనక పిల్లలు పాతిక మంది. మెట్లు కళకళలాడితే కింద నా బోర్డు కూడా నలుగురూ చూస్తారు. నెలాఖరు శనివారం ఇక్కడ పదిహేను మంది కనిపిస్తే గది మీదే. లేకపోతే అతనికిచ్చేస్తాను."

ఆరుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కానీ అలవాటు ఎక్కడికి పోతుంది?

"పదిహేను కలిపా మాస్టారూ, పదిహేను దాటాలా?" అంది ఒకామె.

"కలిపే."

"అందరూ ఒకేసారి ఉండాలా? వచ్చి వెళ్ళినవాళ్ళు లెక్కేనా?"

"ఒకేసారి. కుర్చీల్లో కూర్చుని."

"టెస్టర్లే అయ్యుండాలా?"

"మనిషైతే చాలు తల్లీ."

"ఎన్నింటి లోపు?"

"పదిన్నర."

"మీ గోడ గడియారం నాలుగు నిమిషాలు ముందుంది. దాని ప్రకారమా?"

మాస్టారు గడియారం వైపు అనుమానంగా చూశాడు. "దాని ప్రకారమే."

చీమ ఇవన్నీ రాసుకుంటోంది. తలెత్తకుండానే అడిగింది. "మీరు కూర్చుంటే మీరూ లెక్కే కదా?"

"నేనెందుకు కూర్చుంటానమ్మా?"

"కూర్చోరు, సరే. ఒకవేళ కూర్చుంటే?"

"కూర్చుంటే లెక్కే!" అన్నాడు మాస్టారు మెట్లు దిగుతూ. "ముప్పై ఏళ్ళు ట్రాఫిక్‌తో వేగాను గానీ, మీతో వేగడం నా వల్ల కాదు."

అదే వారం ఆమెకు ఒక ఫోను వచ్చింది. టెస్టర్ల వార్షిక సభ. రెండు వందల మంది వస్తారు. మాట్లాడాల్సిన వక్త ఒకాయన రావడం లేదు. మీ శనివారం గది గురించి ఇరవై నిమిషాలు చెబుతారా? సభ నెలాఖరుకు వారం ముందు. పదకొండు మందిని మించి ఆమె ఎప్పుడూ ఎవరి ముందూ మాట్లాడలేదు. వద్దందామని నోరు తెరిచింది. నెలాఖరుకు నిండాల్సిన కుర్చీలు, కిటికీ పక్కన చేతుల కుర్చీ కళ్ళ ముందు మెదిలాయి. సరేనంది. ఫోను పెట్టేశాక మెట్ల మీదే కూర్చుని నోటుపుస్తకం తెరిచింది.

ఇక మొదలైంది పరీక్ష. మామూలు మనుషులు ఉపన్యాసం రాసుకుంటారు. ఆమె ఉపన్యాసం చెడిపోయే దారులు రాసుకుంది. మైకు పనిచెయ్యదు. పెన్‌డ్రైవ్ తెరుచుకోదు. కరెంటు పోతుంది. గొంతు ఆరిపోతుంది. ఎవరూ రారు. వచ్చినవాళ్ళు మధ్యలో లేచిపోతారు. ముందు వరసలో ఒకరు నిద్రపోతారు. ఒకరు తలాతోకా లేని ప్రశ్న వేస్తారు. మొత్తం నలభై ఒకటి. పెన్‌డ్రైవులు మూడు. నీళ్ళ సీసాలు రెండు. కరెంటు పోతే చేత్తో పట్టుకోవడానికి పెద్ద అట్టలు.

భర్తది కళ్ళజోళ్ళ దుకాణం. రోజంతా వచ్చినవాళ్ళకు అద్దాలు మార్చి ఇది బాగుందా, ఇది బాగుందా అని అడిగీ అడిగీ, ఇంటికొచ్చాక ఏమీ అడగడు. ఆ జాబితా చూసి మాత్రం ఒక్కటి అడిగాడు.

"అన్నీ సవ్యంగా జరిగితే?"

"జరిగితే ఇంకేముంది? బాధే లేదు," అంది చీమ.

అతను తల ఊపి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

చెడిపోయే దారులన్నీ పరీక్షించడానికి మనిషి కావాలి. ఇంట్లో డెబ్భై మూడేళ్ళ అత్తగారుంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఇంతకంటే సరైన మనిషి ఎక్కడ దొరుకుతుంది? సాయంత్రం వంటగదిలో చీమ పొయ్యి పక్కన నిలబడి మాట్లాడేది. అత్తగారు పీట మీద కూర్చుని సభను పాడుచేసేది. దగ్గేది. గురక పెట్టేది. చెప్పుల కోసం వెతుక్కుంటూ బయటికి వెళ్ళి, తలుపు దబ్బున వేసి, మళ్ళీ వచ్చేది. నాలుగో రోజుకు ఆవిడ ఆ పాత్రలో లీనమైపోయింది.

"ఇదిగో అమ్మాయ్, వెనక వాళ్ళకు వినపడటం లేదు!"

"వెనక ఎవరూ లేరు అత్తయ్యా, ఫ్రిజ్ ఉంది."

"అది కూడా వినాలిగా!"

ఇలా ఆగుతూ, జవాబు చెబుతూ, మళ్ళీ అందుకుంటూ సాగితే ఉపన్యాసం సరిగ్గా ఇరవై నిమిషాలు పట్టింది. అయిదు సాయంత్రాలూ అంతే. ఆమె నోటుపుస్తకంలో ఒప్పు గుర్తు పెట్టింది.

ఆరో రోజు అత్తగారు కొత్త ప్రశ్న వేసింది. "ఇంత చెబుతున్నావు. మరి నువ్వెప్పుడూ ఏ తప్పూ వదల్లేదా?"

చీమ చేతిలో గరిటె జారింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వంగి ఆ గరిటెను చాలాసేపు వెతికింది.

"అది అడగకండి అత్తయ్యా."

"ఎందుకు? జాబితాలో లేదా?"

"లేదు."

అత్తగారు కోడలి వైపు ఓ క్షణం చూసింది. మళ్ళీ గురక అందుకుంది.

సభ రోజు గడ్డం తన కారులో అత్తాకోడళ్ళను తీసుకెళ్ళాడు. వెనక సీట్లో అత్తగారి ఒడిలో ట్రాఫిక్ దీపం. విరిగితే కొత్తది తేవాలని మాస్టారు ఒట్టు వేయించుకున్నాడు. దారిలో చీమ అత్తగారి దగ్గర మాట తీసుకుంది.

"ఈరోజు దగ్గొద్దు, గురకొద్దు, ప్రశ్నలొద్దు. సరేనా?"

"ఇన్నాళ్ళు నేర్పించి ఇప్పుడు వద్దంటే ఎలాగే?"

"అత్తయ్యా."

"సరేలే. నోటికి తాళం."

హాలు పెద్దది. పొడవాటి కిటికీలు, ముదురు నీలం కుర్చీలు, వేదిక మీద చెక్క బల్ల. రెండు వందల కుర్చీలూ నిండిపోయాయి. మైకు పనిచేసింది. మొదటి పెన్‌డ్రైవే తెరుచుకుంది. కరెంటు నిక్షేపంగా ఉంది. చీమ మొదలుపెట్టింది. ఫోన్ల దగ్గర అడిగిన మూడు ప్రశ్నలు చెప్పింది. బొమ్మ కార్ల ఆట చెప్పింది. దీపం చూపించింది. ఒక్కరూ దగ్గలేదు. ఒక్కరూ లేవలేదు. మేనేజరు అన్న మాటకు ఎవరో గట్టిగా నవ్వారు. అందరూ వింటున్నారు. చీమ చివరి వాక్యం చెప్పి, నీళ్ళు తాగి, తలెత్తింది.

ముందు వరసలో సమయం చూపించే అమ్మాయి అట్ట పైకెత్తింది. ఇంకా పదకొండు నిమిషాలు.

ఎవరూ అడ్డురాకపోతే ఆ ఉపన్యాసం తొమ్మిది నిమిషాలే. నలభై ఒక్క చెడ్డ దారులు చూసుకుంది. మంచి దారి ఒక్కసారి కూడా నడిచి చూడలేదు. ఆ సంగతి ఆమెకు అక్కడ, ఆ వెలుగులో, చేతిలో ఖాళీ సీసాతో అర్థమైంది. రెండో సీసా అందుకుంది. అదీ తాగింది. పది నిమిషాలు.

ఎవరో కుర్చీలో కదిలారు. వీళ్ళలో ఒక్కరైనా శనివారం గది మెట్లెక్కి రావాలంటే ఇప్పుడు ఏదో చెప్పాలి. ఏం చెప్పాలి?

అత్తగారు మాట తప్పని మనిషి. కానీ కోడలు వేదిక మీద రాయిలా నిలబడితే మాటెక్కడ, మనిషెక్కడ? ఆవిడ కుర్చీ చేయి పట్టుకుని లేచింది.

"ఇంత చెప్పావమ్మా," అంది వంటగది గొంతుతో. "మరి నువ్వెప్పుడూ ఏ తప్పూ వదల్లేదా?"

హాలంతా ఆవిడ వైపు తిరిగింది. చీమ కూడా చూసింది. ఆ మొహంలో వేళాకోళం లేదు. గుమ్మంలో పడినవాళ్ళకు చెయ్యి అందించేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది.

చీమ దీపం దగ్గరకు వెళ్ళి స్విచ్చి నొక్కింది. ఎరుపు వెలిగింది.

"వదిలాను. పదకొండేళ్ళయింది," అంది.

ఒక ఈత కొలనుకు ప్రోగ్రాము చేశారు. వేసవి తరగతులకు పిల్లల పేర్లు ఇంటి నుంచే నమోదు చేసుకోవచ్చు. చీమ వారం రోజులు దాన్ని పీల్చి పిప్పి చేసింది. విడుదలకు ముందురోజు సాయంత్రం ఒక చిన్న మార్పు వచ్చింది. మార్చినవాడు కొత్తగా చేరిన కుర్రాడు. మార్పు తరవాత ఆమె మళ్ళీ అన్నీ చూడాలి. చూసింది. తప్పు వయసు ఇచ్చింది, తప్పు తేదీ ఇచ్చింది, పేరు వదిలేసింది. ఇరవై మూడు తప్పులకీ ప్రోగ్రాము చక్కగా, మర్యాదగా జవాబు చెప్పింది. అంతా సరిగ్గా నింపి బటన్ నొక్కితే ఏమవుతుందో మాత్రం చూడలేదు. అది వారమంతా పనిచేసింది కదా! 'అన్ని దారులూ చూశాను' అని సంతకం పెట్టింది.

"పొద్దున రెండు వందల మంది తల్లిదండ్రులు అన్నీ సరిగ్గా నింపి నొక్కారు. ఏమీ జరగలేదు. ఒక్క తాతగారికే జవాబొచ్చింది. ఆయన మనవడి వయసు మూడు వందలని కొట్టారు. 'దయచేసి వయసు సరిచూడండి' అని వచ్చింది. ఆయన ఫోను చేసి, మీ ప్రోగ్రాము బ్రహ్మాండంగా ఉందమ్మా అన్నారు."

నవ్వు హాలును ఊపేసింది. ఎరుపు వెలుగుతుండగా నవ్వకూడదని నియమమేమీ లేదు. చీమ కూడా నవ్వింది. తరవాత ఆమె గొంతు తగ్గింది.

"మీటింగు పెట్టారు. చివర్లో మార్చిందెవరని అడిగారు. అందరూ ఆ కుర్రాడి వైపు చూశారు. నా నోటుపుస్తకం నా ఒళ్ళోనే ఉంది. చూసిన ఇరవై మూడు దారులూ అందులో నా చేత్తోనే రాసి ఉన్నాయి, మంచి దారి ఒక్కటే లేదు. నేను నోరు విప్పలేదు. ఆరు నెలలు అతనికి అక్షరాల రంగులు మార్చే పనే ఇచ్చారు."

స్విచ్చి నొక్కింది. పచ్చ.

వెనక వరసలోంచి ఒక గొంతు వచ్చింది. ఆమెకు బాగా తెలిసిన గొంతు.

"తరవాత ఏం చేశావక్కా?"

గడ్డం నిలబడి ఉన్నాడు. చీమ అతని వైపు చూసే చెప్పింది.

"ఆ రోజు నుంచి ఇంటికెళ్ళే ముందు మంచి దారి ఒక్కసారైనా నడిచి చూస్తున్నాను. అతను రాసినవి అందరికంటే ముందు నేనే చూసి, ఎవరికీ తెలియకుండా అతని చెవిన వేస్తున్నాను. అతనికి నిజం మాత్రం చెప్పలేదు. ఇప్పుడే చెప్పాను."

"నా తప్పులు నాకే ఎందుకు ముందు చెబుతావా అనుకునేవాణ్ణి," అన్నాడు గడ్డం. రెండు వందల మంది మెడలు తిప్పి అతన్ని చూశారు. "ఆ రోజు నుంచే ఈ గడ్డం పెంచా. మొహం దాచుకుందామని!"

ఈసారి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. అది ఆగకముందే మూడో వరసలో ఒకాయన లేచి, నాదొకటుంది, ఆ దీపం ఇటివ్వండి అన్నాడు. ఆయన తరవాత ఇంకొకామె. సమయం చూపించే అమ్మాయి సున్నా అట్ట ఎత్తి ఎత్తి, విసిగి, దాన్నే విసనకర్రగా వాడుకుంది. అత్తగారు ప్రతి పచ్చదీపానికీ అందరికంటే ముందు అరిచింది. "తరవాత ఏం చేశావు నాయనా?"

నెలాఖరు శనివారం వచ్చింది.

రెండు వందల మంది చప్పట్లు కొట్టారు. మెట్లెక్కింది ఆరుగురు. లోకం తీరు అంతే. పాతవాళ్ళు ఆరుగురు, కొత్తవాళ్ళు ఆరుగురు. పన్నెండు. పదీ పదికి గడ్డం లేని ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు. నున్నటి చెంపలు, చుబుకం మీద చిన్న సొట్ట.

"ఎవరు బాబూ మీరు? ఏ కంపెనీ?" అంది చీమ పెన్ను తీస్తూ.

"చీమక్కా, నేనే!"

ఆమె కళ్ళజోడు పెట్టుకుని చూసింది. తీసి చూసింది. అతని చెంప మీద మెల్లగా ఒకటి వేసి, పదమూడు అని రాసుకుంది.

పద్నాలుగోది అత్తగారు. మెట్లు ఎక్కిన ఆయాసంతో వచ్చి, గది నాలుగు మూలలూ చూసి, ఆఖరి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. గడియారం పదీ ఇరవై అయిదు. మాస్టారు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన పెదవులు మెల్లగా కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు.

కొత్తగా వచ్చినవాళ్ళలో ఒకమ్మాయి చెబుతోంది. ఎరుపు వెలుగుతోంది. ఆ అమ్మాయి ఒక ఆస్పత్రి టోకెన్ల యంత్రాన్ని ఎలా వదిలేసిందో చెబుతుంటే మాస్టారు చేతులు విప్పాడు. గుమ్మం లోపలికి ఒక అడుగు వేశాడు. పచ్చ వెలిగింది. పదమూడు గొంతులు తరవాత ఏం చేశావని అడిగాయి. అమ్మాయి చెప్పింది. మాస్టారు ఇంకో అడుగు వేశాడు. పదీ ఇరవై ఎనిమిది.

చీమ నోటుపుస్తకంలో మాస్టారి జవాబులు రాసుకున్న పాత పేజీ తెరిచి ఉంది. ఆమె దాని వైపు చూడలేదు, మాస్టారి వైపూ చూడలేదు.

"ఏమయ్యా, అంతసేపు నిలబడితే కాళ్ళు లాగవూ?" అంది అత్తగారు. ఆవిడకు ఆ పేజీ సంగతి తెలియదు.

"అలవాటేనమ్మా."

"బస్సు నిలబడి నడిపావా ఏంటి? అదుగో, కుర్చీ ఖాళీగా ఉంది."

"అది నాదే."

"నీ కుర్చీలో నువ్వు కూర్చోవడానికి సుముహూర్తం కావాలా?"

మాస్టారు నవ్వాడు. కిటికీ దగ్గరకు నడిచాడు. చేతుల కుర్చీని బల్ల దాకా లాక్కొచ్చి అందులో కూర్చున్నాడు. ఆయన చెయ్యి చాచి స్విచ్చి నొక్కాడు. ఎరుపు.

"నాదీ ఒకటుంది. ముప్పై ఏళ్ళలో ఎవరికీ చెప్పలేదు. నాకు దారి మార్చారు. కొత్త నంబరు బస్సు. పొద్దున నలభై మందిని ఎక్కించుకుని, ఏదో ఆలోచిస్తూ, పాత దారిలో పోనిచ్చాను. ఒక్కరు కూడా అడగలేదు! డ్రైవరుకు తెలియదా అని వాళ్ళు. జనం ఎక్కారుగా, దారి సరైనదే అని నేను. చివరి స్టాపులో ఒక ముసలమ్మ దిగి, అటూ ఇటూ చూసి, బాబూ, మా ఇల్లు ఎక్కడ పెట్టావు అంది."

పచ్చ నొక్కేసరికి ఆయనే ముందు నవ్వేశాడు.

"తరవాత ఏం చేశారు?" అన్నారు అందరూ.

"ఏం చేస్తాను? బస్సు తిప్పాను. నలభై మందినీ ఎవరి గుమ్మం ముందు వాళ్ళను దింపాను. సందుల్లోకి కూడా పోనిచ్చాను. జనం కిటికీల్లోంచి టాటా చెప్పారు. నా సర్వీసులో అంత హాయైన రోజు ఇంకోటి లేదు."

గోడ గడియారం పదిన్నర కొట్టింది. మాస్టారు దాని వైపు చూశాడు. కుర్చీలన్నీ ఒకసారి చూశాడు. చివరికి తను కూర్చున్న కుర్చీ చేతులు తడుముకున్నాడు. అప్పుడు ఆయన మొహం మారింది.

"చెల్లెమ్మా," అన్నాడు. "ఇందుకా ఆ రోజు అడిగింది?"

"లేదు మాస్టారూ. ఊరికే అడిగాను. అన్నీ అడుగుతాం కదా," అంది చీమ. అది నిజమే. ఆమె కళ్ళు మాత్రం నీళ్ళతో మెరుస్తున్నాయి.

"గిటారు వాడికి ఆదివారం ఇస్తాలే," అన్నాడు మాస్టారు.

గది గోలగోలైపోయింది. గడ్డం లేని గడ్డం బల్ల మీద దరువు వేశాడు. బొమ్మ కార్లు ఎగిరిపడ్డాయి. ఆ గోలలో చీమ పెన్ను తీసి పదిహేను పక్కన ఒప్పు గుర్తు పెట్టింది. దాని కింద, చేతి అలవాటుగా, పదహారు అని రాసింది. పరీక్షించేటప్పుడు అంచు దగ్గర ఆగకూడదు. ఒకటి దాటి కూడా చూడాలి.

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు. గుమ్మంలో ఎవరో రొప్పుతూ నిలబడ్డారు.

"ఇక్కడేనా అండీ, తప్పులు చెప్పుకునేది?"

కుర్చీలు లేవు. అత్తగారు తన కుర్చీలో సగం జరిగింది.

"ఇక్కడే. రా అమ్మా, సర్దుకుందాం."